ముదురు రంగు వ్యాగన్ మీద తెల్ల అక్షరాలు: డికాల్ ఇంట్లో చేసుకోవాలా, చేయించుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో, ఆరు మోడల్ గూడ్స్ వ్యాగన్లు ఉన్నాయి, అన్నిటికీ ముదురు ఆకుపచ్చ రంగు వేశారు. వాటి మీద మీరే ఊహించుకున్న ఒక రైల్వే కంపెనీ పేరు, నంబర్లు, కింద బుల్లి బుల్లి బరువుల వివరాలు, అన్నీ తెలుపులో కావాలి. తలుపు పక్కన ఎరుపు, పసుపు కలిసిన లోగో రావాలి. లేని కంపెనీకి రెడీమేడ్ డికాల్ (నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి మోడల్ మీదికి జార్చి అతికించే పల్చటి అచ్చు) ఎవరూ అమ్మరు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది కాబట్టి వాటర్‌స్లైడ్ డికాల్ పేపర్ ఒకటి కొంటే పని అయిపోతుందా అన్నది మీ ప్రశ్న.

అవ్వదండీ. లోగో వరకు అవుతుంది, అదీ ఒక చిన్న మెలికతో. తెల్ల అక్షరాలకు మాత్రం ఆ ప్రింటర్‌ని పక్కన పెట్టేయండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు షీట్లకు షీట్లు తగలేసేది ఈ ఒక్క విషయం దగ్గరే. ఏ పేపర్ మంచిది, ఏ ప్రింటర్ మంచిది అని మొదలుపెడతారు. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అది కాదు. డికాల్లో తెలుపు ఉందా? దాని కింద వ్యాగన్ రంగు ముదురా, లేతా? ఈ రెండూ తేలితే ఏ దారిన వెళ్లాలో దానంతట అదే తేలిపోతుంది.

మామూలు ప్రింటర్లో తెల్ల ఇంకు ఉండదు. కాగితమే తెల్లగా ఉంటుంది కాబట్టి తెలుపు కావాల్సిన చోట ప్రింటర్ ఏమీ వేయకుండా వదిలేస్తుంది, అంతే. క్లియర్ డికాల్ పేపర్ మీద అలా వదిలేసిన చోటు అద్దంలా ఉండిపోతుంది. వ్యాగన్ మీద అతికించాక అక్కడ ఆకుపచ్చే కనబడుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే ఇంక్‌జెట్ ఇంకు పల్చటి రంగునీళ్లలాంటిది, కింద ఉన్నదాన్ని కప్పదు. పసుపు వేస్తే ముదురు ఆకుపచ్చలో కలిసిపోతుంది, ఎరుపు వేస్తే మట్టిరంగు తేలుతుంది. లేజర్ ప్రింటర్ వాడే పొడి రంగు, టోనర్, దీనికన్నా కాస్త నయం గానీ అదీ పూర్తిగా కప్పదు.

"అయితే తెల్ల డికాల్ పేపర్ ఉంది కదా, దాని మీద ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్ ప్రింట్ చేసి అక్షరాలు ఖాళీగా వదిలేస్తే?" అని మీకు అనిపించే ఉంటుంది. నాకూ అనిపించింది. చాలా ఏళ్ల కిందట ఒక నీలం ట్యాంకర్‌కి ఇలాగే చేశాను. వ్యాగన్ని మానిటర్ పక్కన పెట్టుకుని, రంగు కొద్దికొద్దిగా మారుస్తూ, పదకొండు సార్లు ప్రింట్ తీసి ఒకటి ఖాయం చేశాను. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే అతుకు ఎక్కడుందో కూడా తెలియలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర పెడితే ట్యాంకర్ నీలంగా ఉంది, డికాల్ వంగపండు రంగులో ఉంది. రెండు వేర్వేరు పదార్థాలతో తయారైన రంగులు ఒక వెలుగులో ఒకేలా కనబడి ఇంకో వెలుగులో విడిపోతాయి. దానికి మందు లేదు. పైగా కత్తిరించిన అంచు చుట్టూ పేపర్ తెలుపు సన్నని గీతలా బయటపడుతుంది. చిన్న అక్షరాల్లోకి చుట్టూ ఉన్న ఇంకు పాకి అవి పూడుకుపోతాయి. నిలువు పట్టీల మధ్య ఒక పలక మొత్తాన్ని డికాల్‌తో కప్పేసే డిజైన్ అయితే ఈ పద్ధతి నడుస్తుంది, ఎందుకంటే అతుకు పట్టీ పక్కన దాక్కుంటుంది. మీ వ్యాగన్‌కి వద్దు.

మరి తెలుపు ఎక్కడ దొరుకుతుంది? మీ విషయంలో అందరికన్నా ముందు చూడాల్సింది రెడీమేడ్ అక్షరాల షీట్లు. కంపెనీ పేరు దొరకదు గానీ అక్షరాలు దొరుకుతాయి కదా. మైక్రోస్కేల్ అనే డికాల్ కంపెనీ వాళ్లు రైల్‌రోడ్ రోమన్, రైల్‌రోడ్ గోథిక్ అని పాత అమెరికన్ రైళ్ల మీది రాతల్ని పోలిన అక్షరాలూ అంకెలూ తెలుపులో, రకరకాల సైజుల్లో అమ్ముతారు. గూడ్స్ వ్యాగన్ల మీద ఉండే బరువుల వివరాలకు విడిగా డేటా షీట్లు ఉన్నాయి. ఊహల్లోని కంపెనీకి ఇదే అందరికన్నా చవక దారి. బాధేమిటంటే ఒక్కో అక్షరం విడిగా కత్తిరించి, వరుస తప్పకుండా, ఎడం సమంగా ఉండేలా పేర్చాలి. పేరులో ఐదారు అక్షరాలుంటే చేయొచ్చు. పద్నాలుగు అక్షరాల పేరు, ఆరు వ్యాగన్లు, రెండేసి పక్కలు అంటే 168 ముక్కలు. నేనైతే నాలుగో పక్కకి వచ్చేసరికి వదిలేస్తాను.

రెండోది, కస్టమ్‌గా చేయించుకోవడం. ఇక్కడ అవతలివాళ్లు ఏ పద్ధతిలో ప్రింట్ చేస్తారో తెలుసుకోకుండా ఆర్డర్ ఇవ్వకండి. ఒకప్పుడు ఈ రంగంలో రాజు ఆల్ప్స్ ఎండీ ప్రింటర్. ద్రవపు ఇంకు బదులు రిబ్బన్ మీది పొడి రంగుని వేడితో కరిగించి అద్దేది. తెలుపు, బంగారం, వెండి రంగులు కూడా వేసేది. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పటికీ కొందరు పాత మెషీన్లను, దాచుకున్న రిబ్బన్లను అపురూపంగా చూసుకుంటూ డికాల్స్ చేసిస్తున్నారు. అచ్చు చాలా బాగుంటుంది గానీ పైన క్లియర్ కోట్ (రంగులేని రక్షణ పూత) పడేదాకా గోరు తగిలినా లేచిపోతుంది.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది తెల్ల టోనర్ లేజర్. ఓకీ కంపెనీ నలుపు టోనర్ స్థానంలో తెలుపు పెట్టిన మోడళ్లు తెచ్చింది. మామూలు లేజర్ ప్రింటర్లలో నలుపు కాట్రిడ్జ్ తీసి పెట్టుకునే తెల్ల టోనర్లు కూడా వేరేవాళ్లు అమ్ముతున్నారు. ఆల్ప్స్ అంత చిక్కటి తెలుపు రాదు. ముదురు ఆకుపచ్చ మీద కొంచెం నీరుకావి పట్టినట్టు కనిపించొచ్చు. గూడ్స్ వ్యాగన్‌కి అది తప్పు కాదు, నిజం వ్యాగన్ మీద తెలుపు పాలలా ఎక్కడుంటుంది? మరీ నీరసంగా అనిపిస్తే ఒకే డికాల్ రెండు పొరలు వేసేవాళ్లూ ఉన్నారు. మూడు మిల్లీమీటర్ల లోపు అక్షరాల్ని అలా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం నా కళ్లకు ఇక కుదరదు.

స్క్రీన్ ప్రింటింగ్ నాణ్యతలో ఇప్పటికీ పైచేయి. పల్చటి పొరలోనే చిక్కటి రంగు. కాకపోతే ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ తయారు చేయాలి, ఒక షీటు తీసినా రెండు వందలు తీసినా ఆ ఖర్చు ఖర్చే. క్లబ్ మొత్తం కలిసి వేయించుకుంటే సరిపోతుంది, ఒక్కరికి బరువు. యూవీ ప్రింట్ (అతినీలలోహిత కాంతితో ఇంకుని గట్టిపరిచేది) కూడా కొందరు ఇస్తున్నారు. తెలుపు బాగా కప్పుతుంది, కానీ ఇంకు పొర కాస్త ఎత్తుగా, బిరుసుగా ఉంటుంది. నున్నటి పక్కలున్న పెట్టెకు ఫరవాలేదు, రివెట్ల మీద సరిగ్గా వంగదు.

ఇంకో దారి, డికాల్ ఊసే లేకుండా మాస్క్ కోసుకోవడం. ముందు వ్యాగన్‌కి తెలుపు వేసి, వినైల్ కట్టర్‌తో కోసిన అక్షరాలు అంటించి, పైన ఆకుపచ్చ కొట్టి, అక్షరాలు పీకేయడం. పెద్ద అక్షరాలకు ఇంతకన్నా అందంగా ఏదీ రాదు. మీరు ఆకుపచ్చ వేసేశారు కాబట్టి ఈ మాట వచ్చే వ్యాగన్లకు.

నా సలహా: ఆరు వ్యాగన్లకు కావాల్సిన తెలుపు మొత్తం ఒక్క షీటు మీద పేర్చి బయట చేయించండి. లోగోని ఇంట్లో చేయండి, లేదా ఎలాగూ బయట చేయిస్తున్నారు కాబట్టి దాన్ని కూడా అందులోనే ఇరికించేయండి. మీ ఇంక్‌జెట్‌కి మాత్రం ఇందులో పెద్ద పనే ఉంది, కాసేపట్లో చెబుతాను.

ముందు డిజైన్. ఇక్కడ తొందరపడితే ఎవరు ఎంత బాగా ప్రింట్ చేసినా లాభం లేదు. ఇంక్‌స్కేప్ గానీ కోరల్‌డ్రా గానీ, వెక్టర్ ప్రోగ్రామ్‌లోనే (ఎంత పెద్దది చేసినా అంచులు చెదరనిది) గీయండి. ఫొటో ఎడిటర్‌లో గీస్తే చిన్న అక్షరాల అంచులు రంపపు పళ్లలా వస్తాయి. హెచ్‌ఓ అంటే 1:87. అసలు వ్యాగన్ మీద 9 అంగుళాల నంబరు, అంటే సుమారు 229 మి.మీ., మీ మోడల్ మీద 2.6 మి.మీ. అవుతుంది. 3 అంగుళాల బరువుల రాత 0.87 మి.మీ. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) ప్రింటర్‌లో ఆ అక్షరం మొత్తం ఎత్తు ఇరవై చుక్కలు, గీత మందం మూడు చుక్కలు. చదవగలిగేట్టు వస్తుంది, అంతకుమించి ఆశించకండి. అదే రాత ఎన్ స్కేల్ 1:160లో పదకొండు చుక్కలకు పడిపోతుంది. అక్కడ అది అక్షరమా, దుమ్మా అన్నది చూసేవాళ్ల దయ. అలాంటి చోట నేను గీతల్ని కావాలనే కొంచెం లావు చేస్తాను. స్కేలు ప్రకారం తప్పు, కంటికి ఒప్పు.

అక్షరాల ఎత్తు తెలియకపోతే ఫొటోలోంచి లాగొచ్చు. ఎదురుగా, అడ్డంగా తీసిన ఫొటో కావాలి. అందులో కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. కంటెయినర్ అయితే 20 అడుగులది 6058 మి.మీ. పొడవు. పాత తరం అమెరికన్ వ్యాగన్ అయితే సాధారణంగా 33 అంగుళాల చక్రం. దాంతో పోల్చి మిగతావన్నీ లెక్క కట్టొచ్చు. మీది ఊహా కంపెనీ అయినా సరే, అదే తరహా నిజం వ్యాగన్ ఫొటో ఒకటి ముందు పెట్టుకునే గీయండి. ఏ రాత ఎక్కడుండాలో మన ఊహ కన్నా ఆ పెయింటర్లకే బాగా తెలుసు.

ఫాంట్ విషయంలో కంప్యూటర్లో ముందున్నదేదో పెట్టేస్తే నంబరు దగ్గరే నకిలీ అని తెలిసిపోతుంది. కాలానికీ దేశానికీ తగ్గట్టు ఉండాలి. 1948లో ఏర్పడ్డ బ్రిటిష్ రైల్వేస్ మోడల్ అయితే గిల్ శాన్స్. 1965 తర్వాతిదైతే జాక్ కిన్నైర్, మార్గరెట్ కాల్వర్ట్ గీసిన రైల్ ఆల్ఫబెట్. జర్మన్ తరహా అయితే డీఐఎన్ 1451. మీ కంపెనీ ఏ లోకంలో ఉందో మీరు చెప్పలేదు, అది తేల్చుకుంటే ఫాంట్ తేలిపోతుంది.

నంబర్ల గురించి ఒక చాదస్తం చెప్పనివ్వండి. యూరప్ తరహాలో 12 అంకెల నంబరు వేస్తుంటే చివరి అంకె ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు, అది లెక్క ప్రకారం వచ్చే చెక్ డిజిట్. మొదటి 11 అంకెల్ని ఎడమ నుంచి వరుసగా 2, 1, 2, 1 అని గుణించాలి. రెండంకెల జవాబు వస్తే ఆ అంకెల్ని కూడాలి. మొత్తాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. ఉదాహరణకు 31 80 3945 217 అనుకోండి. 6, 1, 7, 0, 6, 9, 8, 5, 4, 1, 5 కలిపితే 52. 60కి 8 తక్కువ, కాబట్టి నంబరు 31 80 3945 217-8. అమెరికన్ తరహా అయితే ఈ గొడవ లేదు గానీ, కంపెనీ సంకేతాక్షరాల చివర ఎక్స్ ఉంటే అది రైల్వేది కాని ప్రైవేటు వ్యాగన్ అని అర్థం. మీ ఊహా రైల్వే సంకేతం పొరపాటున ఎక్స్‌తో ముగియకుండా చూసుకోండి. ఎవరు చూస్తారని అనుకుంటారు. ఎగ్జిబిషన్‌లో ఒక్కడు చూస్తాడు, చూసి నలుగురికి చెబుతాడు.

ఇక ఇంక్‌జెట్ పని. డిజైన్ అవ్వగానే మామూలు కాగితం మీద ప్రింట్ తీయండి. తెల్ల అక్షరాల బదులు నలుపు పెట్టి తీస్తే చాలు. కత్తిరించి, తక్కువ జిగురున్న టేపుతో వ్యాగన్ మీద అంటించి రెండు రోజులు షెల్ఫులో వదిలేయండి. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తుంటే పేరు తలుపు పట్టాని తాకుతోందా, నిచ్చెన మెట్టు నంబరుకి అడ్డం వస్తోందా, లోగో మరీ పెద్దదైందా అన్నీ బయటపడతాయి. నేను ప్రతి డిజైన్‌కీ కనీసం మూడు కాగితం ప్రూఫ్‌లు తీస్తాను. డికాల్ పేపర్ మీద మొదటి ప్రింటే ఆఖరి ప్రింట్ అయ్యేలా చూసుకోవడమే ఇందులో అసలు పొదుపు.

ప్రింట్ డైలాగ్‌లో "పేజీకి సరిపడేలా" అన్న టిక్కు తీసేసి 100 శాతం, అసలు సైజు అని పెట్టండి. ఒకసారి అది చూసుకోక నా నంబర్లన్నీ మూడు నాలుగు శాతం కుదించుకుపోయి వచ్చాయి. విడిగా చూస్తే ఏమీ తెలియలేదు. అతికించి, పాత వ్యాగన్ పక్కన నిలబెట్టాక కొత్తది దాని తమ్ముడిలా కనిపించింది. అప్పటి నుంచి ప్రతి షీటు మూలలో సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి పెడుతున్నాను. ప్రింట్ రాగానే స్కేలుతో దాన్ని కొలుస్తాను. బయట చేయించేటప్పుడు కూడా ఆ గీత ఉంచండి, వాళ్ల ప్రింటర్ కాగితాన్ని సాగదీసినా మీకు తెలిసిపోతుంది.

బయటికి పంపే ఫైల్లో అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా (ఫాంట్ అవసరం లేని గీతల ఆకారాలుగా) మార్చేయండి, లేకపోతే వాళ్ల దగ్గర మీ ఫాంట్ లేక ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. తెలుపుని విడి లేయర్‌లో పెట్టి, స్క్రీన్ మీద కనబడేలా ఏ గులాబీ రంగో ఇచ్చి, ఇది తెలుపు అని రాయండి. లోగోలో ఎరుపు, పసుపు కింద కూడా తెలుపు పరవాలి. ఆ తెలుపు ఆకారం పై రంగు కన్నా చుట్టూ 0.05 నుంచి 0.1 మి.మీ. లోపలికి ఉండాలి. రెండూ సమానంగా ఉంటే ప్రింటింగ్‌లో వెంట్రుక వాసి జరిగినా లోగోకి ఒక పక్క తెల్ల అంచు తేలుతుంది. నలుపు ఎక్కడైనా ఉంటే అది నాలుగు రంగుల మిశ్రమం కాకుండా శుద్ధ నలుపు అయ్యేలా చూడండి, లేకపోతే చిన్న అక్షరాల చుట్టూ రంగుల నీడలు వస్తాయి. అడగాల్సినవి రెండే: మీరు వేయగలిగే అతి సన్నని గీత ఎంత? అచ్చుని మోసే పారదర్శక పొర, ఫిల్మ్, షీటంతా పరుచుకుని ఉంటుందా, ఒక్కో ముక్కకే ఉంటుందా? షీటంతా అయితే ప్రతి రాతనీ దాని అంచు దాకా కత్తిరించుకునే పని మనది.

మీది ఊహా కంపెనీ కాబట్టి లోగో హక్కుల టెన్షన్ లేదు. నిజం రైల్వేల లోగోలు ట్రేడ్‌మార్క్‌లు. యూనియన్ పసిఫిక్ ఒక దశలో మోడల్ తయారీదారుల నుంచి లైసెన్స్ ఫీజు అడిగింది, కోర్టుల దాకా వెళ్లి 2006లో దాన్ని వదులుకుంది. అందుకే కొందరు ప్రింటర్లు నిజం లోగోలు పంపితే ఒప్పుకోరు.

లోగో ఇంట్లోనే చేస్తానంటారా, సరే. ఇంక్‌జెట్ పేపర్ వేరు, లేజర్ పేపర్ వేరు. ఇంక్‌జెట్ డికాల్ పేపర్‌ని లేజర్‌లో పెడితే లోపలి వేడికి పూత కరిగి రోలర్‌కి చుట్టుకోవచ్చు, ప్రింటరే పోతుంది. లోగోని తెల్ల డికాల్ పేపర్ మీద తీసి అంచు వెంబడి కోయండి. లోగో ఆకారం గుండ్రంగానో నలుచదరంగానో ఉంటే పని సులువు. కోసిన అంచుకి వ్యాగన్ రంగు సన్న బ్రష్‌తో ఒక్కసారి రాస్తే తెల్ల గీత పోతుంది. నేను చెప్పిన మెలిక ఇదే. ఇంకో పద్ధతి, క్లియర్ పేపర్ మీద తీసి, వ్యాగన్ మీద ముందుగా అదే ఆకారంలో తెలుపు వేసి దాని మీద అతికించడం.

ప్రింట్ తీసిన షీటు ఒక రాత్రంతా ఆరాలి. ఆ తర్వాత అక్రిలిక్ క్లియర్ స్ప్రే. ఇంక్‌జెట్ ఇంకు నీళ్లలో కరిగేది, పైన కవచం లేకుండా నీళ్లలో ముంచితే లోగో కళ్లముందే గిన్నెలో కలిసిపోతుంది. మొదటి కోటు మంచులా రాలాలి, తడి కనిపించకూడదు. ఒకేసారి తడిసేలా కొడితే స్ప్రేలోని ద్రావకమే ఇంకుని కదిలిస్తుంది. అరగంట ఆగి ఇంకోటి, ఆగి మూడోది. మూడు చాలు. భయం కొద్దీ ఆరు కోట్లు వేసేవాళ్లున్నారు, అప్పుడు డికాల్ సెల్లోటేపులా బిరుసెక్కి వ్యాగన్ మీద దిబ్బలా నిలబడుతుంది. లేజర్ డికాల్‌కి నీళ్ల భయం లేదు గానీ మడతపడితే టోనర్ పొట్టులా రాలుతుంది, దానికీ ఒక పల్చటి కోటు మంచిదే.

అతికించడం గురించి మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే డికాల్ బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి అతికించడంలో జరిగిన తప్పులే. మీ ఆకుపచ్చ మ్యాట్ పెయింట్ అయితే దాని మీద నేరుగా పెట్టకండి. మ్యాట్ అంటే కంటికి కనపడని గరుకు. ఆ గుంటల్లో గాలి చిక్కుకుని ఫిల్మ్ కింద వెండి మెరుపులా కనిపిస్తుంది. ముదురు రంగుల మీద ఇది మరీ ఘోరం. ముందు మెరిసే (గ్లాసీ) క్లియర్ పూత వేసి, దగ్గరగా పెట్టుకుంటే వాసన రానంతవరకు ఆరనివ్వండి.

కొత్త బ్లేడుతో అక్షరాలకు వీలైనంత దగ్గరగా కోయండి. గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద పెట్టండి. కాగితం, ఫిల్మ్ మధ్య ఉండేది నీళ్లలో కరిగే జిగురు, అది నానడానికి ఒక నిమిషం ఇవ్వాలి. నీళ్లలోనే వదిలేస్తే జిగురంతా కొట్టుకుపోయి, తేలుతున్న ఫిల్మ్ చుట్టుకుపోతుంది. వేలితో మెల్లగా తోస్తే కాగితం మీద జారుతోందంటే సిద్ధమైనట్టే. వ్యాగన్ మీద ఆ చోట మైక్రో సెట్, అంటే డికాల్ బాగా అతికేలా చేసే ద్రవం, ఒక చుక్క రాయండి. నీలం లేబుల్ సీసా, వెనిగర్ వాసన వస్తుంది. కాగితంతో సహా అక్కడికి తీసుకెళ్లి, ఫిల్మ్‌ని కాగితం మీంచి వ్యాగన్ మీదికి జార్చండి. పట్టకారుతో పైకెత్తి పెట్టాలని చూడకండి, పొడుగాటి పేరు అయితే మడతపడి తనకు తానే అంటుకుంటుంది. తడి ఉన్నంతసేపూ తడి బ్రష్‌తో జరపొచ్చు. వరుస కుదిరాక టిష్యూ అంచుతో నీటిని పీల్చేయండి, తుడవకండి.

ఇప్పుడు ఎర్ర లేబుల్ మైక్రో సాల్. ఇది ఫిల్మ్‌ని మెత్తబరిచి రివెట్ల మీదికి, పలకల సందుల్లోకి దించుతుంది. పైన ఒక్కసారి రాసి చేతులు కట్టుకుని కూర్చోండి. రెండు మూడు నిమిషాల్లో డికాల్ ముడతలు పడి ముసలివాడి చర్మంలా అయిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది, కంగారులో వేలితో సర్దబోయాను, తెల్ల అక్షరం సగం వేలికి వచ్చేసింది. ముట్టుకోకపోతే ఆరేకొద్దీ ఆ ముడతలు వాటంతట అవే సర్దుకుని, పెయింట్ వేసినట్టు అతుక్కుపోతాయి. రివెట్ చుట్టూ ఇంకా గాలి కనిపిస్తే సూది మొనతో గుచ్చి, ఆ చుక్క మీద మళ్లీ సాల్. మీరు ఇంట్లో స్ప్రే చేసిన లోగో ఫిల్మ్ వేరు పదార్థం, సాల్‌కి అది వెంటనే మెత్తబడకపోవచ్చు. రెండు మూడు సార్లు రాయాల్సి వస్తుంది. వాల్తర్స్ వాళ్ల సాల్వాసెట్ ఇంకా ఘాటైనది, దాన్ని ముందు పనికిరాని ముక్క మీద పరీక్షించకుండా వాడొద్దు.

మర్నాడు తడి దూదిపుల్లతో చుట్టూ మిగిలిన జిగురు మరకలు తీసేయండి, లేకపోతే మ్యాట్ కోటు కింద పసుపు చారలు తేలతాయి. తర్వాత పల్చగా మొదలుపెట్టి మ్యాట్ క్లియర్. అప్పుడు ఫిల్మ్ అంచు మాయమవుతుంది. తుప్పు, దుమ్ము లాంటి వెదరింగ్ ఏదైనా ఈ కోటు ఆరాకే.

షీటులో ప్రతి నంబరూ రెండు పక్కలకు కాకుండా మూడుసార్లు పెట్టించండి, లోగోలు పన్నెండుకు బదులు పదహారు. ఏదో ఒకటి చిరుగుతుంది. వచ్చిన షీటులో పనికిరాని మూల ముక్క ఒకటి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైపోతే ఫిల్మ్ బలహీనంగా ఉందని అర్థం, మొత్తం షీటు మీద మైక్రోస్కేల్ లిక్విడ్ డికాల్ ఫిల్మ్ ఒక పూత రాసి, ఆరాక వాడుకోవచ్చు. మొదటి డికాల్ మాత్రం ఈ ఆరింటి మీద వద్దు. చక్రం విరిగి మూలన పడి ఉన్న పాత వ్యాగన్ ఏదో మీ దగ్గర ఉండే ఉంటుంది, దానికి గ్లాసీ క్లియర్ కొట్టి దాని మీద మొదలుపెట్టండి.